రామేశ్వరంలో కైట్ సర్ఫింగ్ శిక్షణ: చెన్నై నుంచి వెళ్లేవారి కోసం

మూడు రోజుల్లో పన్నెండు గంటల శిక్షణ ఇస్తామని ఒక్కొక్కరి దగ్గర 38,000 రూపాయల చొప్పున ముందుగానే తీసుకున్న కేంద్రం, మాకు చివరికి ఇచ్చినది ఎనిమిది గంటలే. అయితే ఆ ఎనిమిది గంటల్లో వాళ్లు నేర్పిన తీరు, ఇంతకు ముందు నేను డబ్బు చెల్లించి నేర్చుకున్న ఏ విద్యలోనూ చూడనంత శ్రద్ధగా ఉంది. రెండూ ఒకే కేంద్రం గురించిన మాటలు కాబట్టి, ఒకటి చెప్పి మరొకటి దాచకుండా, పెద్ద గాలిపటం లాగుతుంటే కాళ్ల కింది బోర్డు మీద నీటిపై సాగే కైట్ సర్ఫింగ్ నేర్చుకోవడానికి చెన్నై నుంచి రామేశ్వరం వెళ్లాలనుకునే తెలుగువారికి పనికివచ్చేలా రాస్తున్నాను. నా ఫిర్యాదు తర్వాత కొంతవరకు పరిష్కారమైంది కనుక కేంద్రం పేరు ఇవ్వడం లేదు.

మేము తిరువాన్మియూర్‌లో ఉంటాం. ఇంటి నుంచి సముద్రం పది నిమిషాల నడక. నెల్లూరు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంటూ ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా చేర్చిన కైట్ పోటీలను, మార్సేయ్ తీరంలో జరిగినవాటిని, టీవీలో చూసినప్పటి నుంచీ ఇదే ధ్యాసలో ఉన్నాడు. "ఇంత సముద్రం పక్కనే ఉండగా రామేశ్వరం దాకా ఎందుకు మామయ్యా?" అని అడిగాడు. అడగదగిన ప్రశ్నే. చెన్నై తీరంలో అల ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చి విరుగుతుంది, కొద్ది అడుగులు వేసేసరికే కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, లోపలికి లాగే ప్రవాహాలు ఈతగాళ్లను కూడా మింగేస్తాయి. చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళంలో అలల మీద సర్ఫింగ్ నేర్పే బడులు ఉన్నాయి, ఆ విద్యకు అక్కడి అల అనువైనదే. కైట్ కొత్తగా పట్టేవారికి మాత్రం నడుము లోతు నిశ్చలమైన నీరు, విసురు విసురుగా కాక ఒకే తీరున వీచే గాలి, గాలివాలున ఒక మైదానమంత ఖాళీ స్థలం కావాలి. ఇరవై మీటర్లకు పైగా పొడవున్న లైన్ల, అంటే తాళ్ల, చివర పన్నెండు చదరపు మీటర్ల కైట్ ఎగురుతూ ఉంటే, కింద సుండల్ బండ్లూ పిల్లలూ ఉండే ఎలియట్స్ బీచ్‌లో అది ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

అలాంటి ఖాళీ రామేశ్వరం దీవి తూర్పు కొసన, ధనుష్కోడి వైపు దొరుకుతుంది. అక్కడ నేల సన్నని ఇసుక పట్టీలా మారి సముద్రంలోకి సాగిపోతుంది. దానికి ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ ఉన్నాయి. నైరుతి గాలి వీచే రోజుల్లో మన్నార్ వైపు నుంచి వచ్చే అలలు ఆ ఇసుకకు కొట్టుకుని ఆగిపోతాయి, గాలి మాత్రం దాని మీదుగా దాటి పాక్ వైపున ఉన్న లోతు తక్కువ నీటి మీదకు వస్తుంది. ఈశాన్య గాలి కాలంలో ఇదంతా తిరగబడి, మన్నార్ వైపు నీరు నెమ్మదిస్తుంది. 1964 డిసెంబరు తుపాను ఒక ఊరిని తుడిచిపెట్టిన చోటు కూడా ఇదే. పైకప్పు లేని చర్చి గోడల పక్క నుంచి రోజూ శిక్షణకు వెళ్తున్నప్పుడు ఆ సంగతి మనసులో మెదులుతూనే ఉండేది.

మేము వెళ్లినది 2025 ఏప్రిల్ చివరి వారంలో. అదే నెల 6న కొత్త పాంబన్ వంతెన ప్రారంభమైంది గనుక రైలు మళ్లీ నేరుగా దీవిలోకి వెళ్తోంది, ప్రయాణం సుఖంగా సాగింది. మాతో వచ్చిన అమ్మ ఆలయంలో ఇరవై రెండు తీర్థాల స్నానం చేసుకుని, అక్కడే కలిసిన గుంటూరు యాత్రికులతో స్నేహం చేసుకుంది. బస, భోజనం సాదాగా, శుభ్రంగా ఉన్నాయి. వాటి గురించి అంతకన్నా చెప్పవలసింది లేదు.

మొదటి రోజు రెండు గంటల సేపు మమ్మల్ని నీటి జోలికి పోనివ్వలేదు. శిక్షకుడు ఆ దీవిలోనే పుట్టి పెరిగిన మత్స్యకార కుటుంబపు యువకుడు. నన్ను సార్ అనీ, మా వాడిని తంబీ అనీ పిలిచేవాడు. ముందుగా కైట్‌ను ఇసుక మీద పరిచి, దాని ముందు అంచున ఉన్న గొట్టంలోకి పంపుతో గాలి కొట్టించాడు. వేలితో మీటితే డప్పులా మోగాలన్నది అతను చెప్పిన గుర్తు. ఫ్రాన్స్‌కు చెందిన లెగెన్యూ సోదరులు 1984లో పేటెంటుకు నమోదు చేసిన ఆలోచన ఈ గొట్టమే. దాని వల్లే కైట్ నీటిలో పడినా మునిగిపోకుండా తేలుతుంది, ఒక పక్క లైను లాగితే తిరిగి లేస్తుంది. తర్వాత నాలుగు లైన్లనూ వేళ్ల సందుల్లో ఉంచుకుని కైట్ దాకా నడిపిస్తూ, ఎక్కడా మెలి పడలేదని మాతోనే చెప్పించాడు. లైన్లు వచ్చి చేరే, చేతులతో పట్టుకునే కడ్డీని బార్ అంటారు; దాని మీద ఎరుపు రంగు వైపు ఎప్పుడూ ఎడమ చేతికి రావాలి. భోజనానికి ముందు మాకు తెలియకుండా రెండు లైన్లను అడ్డంగా మార్చిపెట్టి, తప్పు ఎక్కడుందో కనుక్కోమన్నాడు. మా వాడు మూడో ప్రయత్నంలో పట్టుకున్నాడు, నేను పట్టుకోలేకపోయాను. అలాగే ఎగరేసి ఉంటే ఎడమకు తిప్పిన కైట్ కుడికి దూకేదని అతను వివరించాక, ఆ పరీక్ష ఎందుకు పెట్టాడో అర్థమైంది.

సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన చేయికి ఇక్కడ మొదట అలవాటు మార్చుకోవలసి వస్తుంది. మన గాలిపటం కిందికి వాలుతుంటే దారం లాగుతాం, లాగితే లేస్తుంది. ఇక్కడ బార్‌ను దగ్గరికి లాగిన కొద్దీ కైట్‌లోకి బలం వచ్చి చేరుతుంది, అది మనిషిని ఈడ్చుకుపోతుంది. భయం వేసినప్పుడు చేయవలసినది బార్ వదిలేయడం. అది వదిలితే బలం చాలా వరకు తగ్గిపోతుంది. అప్పటికీ ఆగకపోతే కైట్‌ను ఒంటికి తగిలించే నడుము పట్టీ, అంటే హార్నెస్, దగ్గరి ఎర్రని సేఫ్టీ పట్టీని ముందుకు నెట్టాలి, కైట్ ఒకే లైనుకు వేలాడుతూ చతికిలబడుతుంది. ఆ నెట్టడాన్ని కళ్లు మూయించి ఇరవై సార్లు చేయించాడు. అతను అరిచే మాట ఒక్కటే: మా వాడికి "విడు", నాకు "విడుంగ". తెలుగులోనూ అర్థమయ్యే మాట కావడం వల్లనో ఏమో, మూడో రోజు అది నా చెవికి అనువాదం అవసరం లేకుండా చేరింది.

మూడో రోజు గాలి కొలిచే పరికరం 14 నాట్లు చూపించింది, అంటే గంటకు సుమారు 26 కిలోమీటర్లు. 78 కిలోల బరువున్న నాకు 12 చదరపు మీటర్ల కైట్, 56 కిలోల మా వాడికి 9 చదరపు మీటర్లది ఇచ్చారు. హెల్మెట్‌లో అమర్చిన రేడియోలో శిక్షకుడు, ఆకాశాన్ని గడియారంగా భావించి, కైట్‌ను పదకొండుకు తే, ఒంటిగంటకు పంపు అని చెబుతూ ఉంటాడు. బోర్డు లేకుండా కైట్ చేత శరీరాన్ని నీటిలో లాగించుకోవడం ముందు నేర్పుతారు. ఒక చేయి నీటిలోకి చాచి పక్కవాటుగా గాలికి ఎదురు సాగగలిగితేనే, చేజారిన బోర్డు దగ్గరికి తిరిగి చేరుకోగలం. మొదటిసారి బోర్డు మీద లేచే ప్రయత్నంలో నేను కంగారుపడి బార్‌ను రొమ్ముకు హత్తుకున్నాను. ముఖం నీటికి కొట్టుకుంటూ, ముక్కులోకి ఉప్పునీరు దూసుకువస్తూ, పదిహేను మీటర్లు బోర్లా ఈడ్చుకుపోయాను. చెవిలో "విడుంగ" వినపడింది, విడిచాను. ఆ క్షణంలోనే అంతా ఆగిపోయి, నడుము లోతు నీటిలో సముద్రపు గడ్డి మీద నిలబడి ఉన్నాను. సాయంత్రానికి నేను మూడు నాలుగు సెకన్లు, మా వాడు ఏకంగా నలభై మీటర్లు బోర్డు మీద సాగగలిగాం. గాలికి ఎదురుగా సాగి బయలుదేరిన చోటికే తిరిగి రావడం ఇంత తక్కువ వ్యవధిలో రాదు; బోర్డు చంకన పెట్టుకుని ఒడ్డు వెంట నడిచి రావలసిందే.

అక్కడి నీరు నిశ్చలంగా ఉండటానికి కారణమైన గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తుందన్న విషయం వెళ్లేవారు తప్పక గుర్తుంచుకోవాలి. పరికరం చెడినా, మనిషి అలిసిపోయినా, గాలి సముద్రంలోకే నెడుతుంది. మా కేంద్రం ఇంజిన్ పడవను, నడపడానికి మనిషిని, కైట్లు ఎగురుతున్నంత సేపూ నీటిలోనే ఉంచింది. ఈ ఒక్క విషయానికే వారికి పూర్తి మార్కులు వేస్తాను.

ఇక ఫిర్యాదు. రెండో రోజు గాలి లేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా కొబ్బరాకుల పాక కింద కూర్చుని, గుంజకు కట్టిన గుడ్డపీలిక వేలాడుతూ ఉండటం చూశాం. బుక్ చేసేటప్పుడు ఏప్రిల్‌లో గాలి ఎలా ఉంటుందని ఫోన్‌లో స్పష్టంగా అడిగాను, ఏడాది పొడవునా ఉంటుందని స్పష్టంగా జవాబిచ్చారు. పాకలో కూర్చున్నప్పుడు శిక్షకుడు దాపరికం లేకుండా చెప్పిన మాట వేరు: ఉత్తరపు గాలి మార్చితో సన్నగిల్లుతుంది, వాళ్లు కచ్చాన్ అనే నైరుతి గాలి మే నెలలో గానీ స్థిరపడదు, నడుమ ఏప్రిల్ నమ్మకం లేని నెల. ఆ మాట డబ్బు తీసుకునే ముందు చెప్పవలసినది. జరగని నాలుగు గంటలకు సొమ్ము వాపసు ఇవ్వలేదు. ఆరు నెలల్లోపు, అదీ శని ఆదివారాలు కాకుండా వచ్చి వాడుకోవాలని ఒక కాగితం చేతిలో పెట్టారు. ఉద్యోగం చేసుకునేవారికి అది ఇచ్చీ ఇవ్వనట్టే. రెండుసార్లు మెయిల్ రాశాక గడువును ఏడాదికి పెంచి, వారాంతపు నిషేధం తీసేశారు. మర్యాదగానే స్పందించారు, కానీ అడగనివారికి ఆ వెసులుబాటు దక్కేది కాదేమోనన్నది నా బాధ.

సామగ్రిలో కైట్లు, లైన్లు మంచి స్థితిలో ఉన్నాయి. నాకిచ్చిన హార్నెస్ మాత్రం ఒక సైజు పెద్దది. కైట్ లాగినప్పుడల్లా అది పక్కటెముకల మీదకు ఎగబాకి, రాత్రి పడుకుంటే నొప్పి తెలిసేది. రెండోసారి అడిగాకే మార్చారు. నీటి బూట్లు ఇవ్వరు, అడుగున గవ్వ పెంకులు కోస్తాయి కాబట్టి చెన్నైలోనే కొనుక్కుని వెళ్లాలి. నీరు గోరువెచ్చగా ఉంటుంది గనుక చలి ఆపే రబ్బరు వెట్‌సూట్ అక్కర్లేదు, ఎండ నుంచి కాపాడే పొడుగు చేతుల చొక్కా మాత్రం తప్పనిసరి. ఈత రానివారిని కూడా చేర్చుకుంటామని వారు అంటారు, నేనైతే ఈత వచ్చినవారినే వెళ్లమంటాను.

డబ్బు కట్టే ముందు రోజుల లెక్క కాకుండా గంటల లెక్కను రాతపూర్వకంగా తీసుకోండి, గాలి లేని రోజు సంగతి ఏమిటో అందులోనే రాయించండి, పడవ ఉందో లేదో అడగండి. మా మిగిలిన గంటల కోసం ఆగస్టు మొదటి వారానికి రైలు టికెట్లు తీసుకున్నాం. ఈసారి మా వాడు ఆఫీసు నంబరుకు కాకుండా శిక్షకుడికే ఫోన్ చేసి, కచ్చాన్ గట్టిగా వీస్తోందని అతని నోట విన్నాకే తేదీ ఖాయం చేశాడు.