ఉంగరం ఎవరికి లొంగేది? 246వ ఉత్తరం కోసం కొన్న పుస్తకం

మా తమ్ముడికీ నాకూ ఏళ్ల తరబడి తెగని తగవు ఒకటుంది. టోల్కీన్ నవల ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో దుష్ట ప్రభువు సౌరాన్ తన శక్తి పోసి చేసిన ఉంగరాన్ని వశం చేసుకుని, దాన్ని సౌరాన్ మీదికే తిప్పగలిగేవాళ్లు ఎవరు? వాడు ఎల్ఫ్ జాతి దొరసాని గాలాడ్రియెల్ అంటాడు, నేను మనుషుల రాజవంశ వారసుడు అరగార్న్ అనేదాన్ని. అది తేల్చుకోవడానికే టోల్కీన్ ఉత్తరాల సంకలనం కొన్నాను. 1981లో వచ్చిన పుస్తకానికి 150కి పైగా ఉత్తరాలు కలిపి 2023లో వేసిన ప్రతి ఇది.

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. ప్రచురణకర్తలతో నడిచిన వ్యవహారం చాలా ఉంది, అది తర్వాత చదువుకోవచ్చు. నేరుగా 246కి వెళ్లండి. ఉంగరాన్ని నాశనం చెయ్యడానికి మోసుకెళ్లిన ఫ్రోడో చివరి క్షణంలో ఉంగరాన్ని వదల్లేకపోవడం గురించి ఒక పాఠకురాలు అడిగితే, 1963 సెప్టెంబరులో రాసుకున్న జవాబు చిత్తుప్రతి అది.

నా అరగార్న్ అక్కడ ఒక్క వాక్యంలో పోయాడు. దూరాన ఉన్నవి చూపించే పలాంటీర్ రాతిలో సౌరాన్‌ని ఎదిరించాడు కదా అనేది నా వాదన. కానీ ఆ రాయికి అరగార్నే హక్కుదారు, పోరు జరిగిందేమో దూరం నుంచి. సౌరాన్ స్వయంగా ఎదుట నిలబడితే ఉంగరం దక్కించుకోగల మనిషి ఒక్కడూ లేడు. గాలాడ్రియెల్, ఎల్ఫ్ ప్రభువు ఎల్‌రాండ్ తీసుకున్నా సైన్యాలు, యుద్ధయంత్రాలు కూడబెట్టి సౌరాన్ దారిలోనే నడిచేవారట. ఒంటరిగా తలపడి గెలవగలిగేది మాంత్రికుడు గాండాల్ఫ్ ఒక్కడే కావచ్చు. సౌరాన్ ఏ కోవ జీవి అయితే అతనూ ఆ కోవవాడే మరి.

అక్కడే నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆ గాండాల్ఫ్ సౌరాన్ కంటే ఘోరంగా ఉండేవాడంటాడు టోల్కీన్. మన మేలు కోసమేనంటూ అందరినీ తన ఇష్టప్రకారం నడిపేవాడు. సౌరాన్ పాలనలో కనీసం మంచేదో చెడేదో తెలుస్తుంది, గాండాల్ఫ్ చేతిలో మంచి అంటేనే అసహ్యం పుట్టేది. నవల నాలుగుసార్లు చదివినా నాకీ ఆలోచన తట్టలేదు.

ఫ్రోడో గురించిన భాగం మరీ బాగుంది. ఉంగరం కోసం వెంటబడిన గొల్లుమ్ రాకపోయి ఉంటే, సౌరాన్ సేవకులైన ఎనిమిది మంది నాజ్‌గుల్ వచ్చేవారు. ఫ్రోడో మీద చెయ్యి వెయ్యలేరు. అందుకని ప్రభూ అని దండాలు పెట్టి, మీ రాజ్యం చూడండంటూ ఉంగరాన్ని నాశనం చెయ్యగల ఆ అగ్నిపర్వత గుహ బయటికి తీసుకెళ్లేవారు. అతను అటు చూస్తుండగా వెనకాల ద్వారం కూల్చేసేవారు. నవలలో లేని ఈ సన్నివేశం కోసమైనా పుస్తకం కొనొచ్చు. నవల పూర్తి చెయ్యనివాళ్లు మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు.

తమ్ముడికి ఆ పేజీలన్నీ చదివి వినిపించాను. గాలాడ్రియెల్‌ని వదులుకుని, మరి ఉంగరం ప్రభావం పడని బాంబడిల్ సంగతేంటన్నాడు. దానికి 144, 153 చూడాలి.