సెన్సిటివ్ పిల్లల కోసం కుడతానని చెప్పే ఆ ఇన్‌స్టా పేజీలో కొనకండి

శ్రావణంలో పెళ్లిళ్లకి, వ్రతాలకి చంటిపిల్లలకు పట్టు లంగాలు ఆర్డర్ పెట్టబోయే అమ్మలు ముందు ఇది చదవండి. కోపంలోనే రాస్తున్నాను, చల్లారే దాకా ఆగితే ఈలోపు ఇంకెవరో డబ్బు కట్టేస్తారు.

పేరు రాయడం లేదు. ప్రతి రీల్‌లోనూ "లోపల ప్యూర్ కాటన్ లైనింగ్ సిస్, ట్యాగ్ లేదు, కుట్టు గుచ్చుకోదు, సెన్సిటివ్ బేబీస్ కోసమే" అని చెప్పే ఆవిడ. ఈపాటికి మీలో చాలామందికి అర్థమయ్యే ఉంటుంది.

మా పాపకి రెండున్నరేళ్లు. మెడ వెనక లేబుల్ తగిలితే చాలు, ఊపిరాడనట్టు ఏడుస్తుంది. సాక్సులో వేళ్ల దగ్గర ఉండే కుట్టు ఒత్తుకుంటే అడుగు వెయ్యదు. ఇంట్లో దాని బట్టలన్నీ తిరగేసి, కుట్లు బయటికి వచ్చేలా తొడుగుతాం. అందుకే తమ్ముడి పెళ్లికి లంగా కుట్టించాలనుకున్నప్పుడు, డబ్బు కట్టకముందే ఆవిడకి వాయిస్ మెసేజ్‌లో అంతా వివరంగా చెప్పాను. జరీ ఒంటికి తగలకూడదు, లోపల ఓవర్‌లాక్ (బట్ట అంచు పోగులు ఊడకుండా మెషిన్‌తో వేసే కుట్టు) కనపడకూడదు, లేబుల్ వద్దు అని. "మల్ కాటన్ వేస్తా సిస్, నాది గ్యారంటీ, మా పాపకి కూడా అలాగే కుడతా" అంది. మల్ అంటే పల్చటి, మెత్తటి నూలు బట్ట. 2,850 రూపాయలు మొత్తం ముందే పంపాను.

పార్సిల్ పెళ్లి ముందురోజు వచ్చింది. పైకి చూస్తే ముచ్చటగా ఉంది. జాకెట్టు తిరగేసి చూద్దును కదా, చంక దగ్గర ఓవర్‌లాక్ అంచు గట్టిగా, గరుగ్గా నిలబడి ఉంది. చేతుల అంచున జరీ పోగులు లోపలి వైపు వదులుగా వేలాడుతున్నాయి. మెడ దగ్గర ఆవిడ పేజీ పేరుతో లేబుల్! అదీ నైలాన్ దారంతో కుట్టింది. ఆ దారం కత్తిరిస్తే ఇంకా ప్రమాదం, తెగిన ముక్క ముల్లులా నిలబడి గుచ్చుతుంది. లైనింగ్ నించి ఒక పోగు లాగి, స్టవ్ దగ్గర పట్టకారుతో పట్టుకుని కాల్చాను. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద రాలాలి. ఇది ముడుచుకుపోయి, కరిగి, నల్లటి గట్టి పూసలా అయింది. పాలిస్టర్.

పాపకి తొడిగి చూశాం, తను ఆ రంగు చూసి ఇష్టపడింది కాబట్టి. నిమిషం కూడా ఉండలేదు. వీపు విల్లులా వంచేసి, మెడ గీరుకుని, తీసేదాకా కేకలు. తీసి చూస్తే మెడ మీద ఎర్రగా గీత.

రిటర్న్ అడిగాను. "నో రిటర్న్, నో ఎక్స్‌చేంజ్ అని బయోలో రాశాను కదా సిస్" అంది. చెప్పింది ఒకటి, పంపింది ఒకటి అన్నాను. అప్పుడు మెత్తబడినట్టు మాట్లాడి, "పాప వేసుకున్నప్పటి వీడియో ఉంటే పంపండి, మా టైలర్‌కి చూపిస్తా" అంది. మా ఆయన తీసిన చిన్న వీడియో ఉంది, పంపాను. బిడ్డ ముఖం, ఏడుపు, ఎర్రబడ్డ మెడ, అన్నీ అందులో ఉన్నాయి.

రాత్రి పదింటికి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. అదీ ఆవిడ దగ్గర కొంటుంది. "అక్కా, మన పాప వీడియో ఆవిడ స్టేటస్‌లో ఉందేంటి?" అంది. స్క్రీన్‌షాట్ పంపింది. ఏడుస్తున్న నా బిడ్డ ముఖం మీద పడీ పడీ నవ్వే బొమ్మలు పెట్టి, "రిటర్న్ కోసం కొందరు మదర్స్ ఇలా కూడా చేస్తారు, గారాబం ఎక్కువైతే ఇంతే" అని రాసింది. ఆవిడ కస్టమర్లంతా చూసే స్టేటస్ అది.

ఒళ్లు మండిపోయి వెంటనే ఫోన్ చేశాను. క్షమించమని అంటుందేమో అనుకున్నా. "పేరు పెట్టలేదు కదా సిస్, ఎందుకంత ఫీలవుతారు? మా దగ్గర ఇన్ని వందల మంది పిల్లలు వేసుకున్నారు, ఎవ్వరూ ఇలా చెయ్యలేదు. ప్రాబ్లం ఉంటే డాక్టర్‌కి చూపించండి, బట్టల మీద తొయ్యకండి" అని పెట్టేసింది. వెనక ఎవరో నవ్వడం కూడా వినపడింది. సెన్సిటివ్ బేబీస్ అని పేరు పెట్టుకుని, ఆ పిల్లల తల్లుల దగ్గరే డబ్బు తీసుకుని, చివరికి ఆ బిడ్డ బాధనే అందరికీ నవ్వులాటగా చూపించింది. ఈ ఒక్క పని నేను మర్చిపోలేను.

డాక్టర్‌కి మేం ఎప్పుడో చూపించాం. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (పిల్లలకి రోజువారీ పనులు అలవాటు చేసే నిపుణురాలు) దగ్గరికీ వెళ్తున్నాం. దీన్ని టాక్టైల్ డిఫెన్సివ్‌నెస్, అంటే మామూలు స్పర్శని కూడా ఒళ్లు తట్టుకోలేకపోవడం, అంటారని, అమెరికాలో జీన్ ఏయర్స్ అనే థెరపిస్ట్ 1960లలోనే దీని గురించి రాశారని ఆమే చెప్పారు. మనకి చొక్కా వేసుకున్న కాసేపటికి అది ఒంటి మీద ఉన్న సంగతే గుర్తుండదు, మెదడు ఆ స్పర్శని పక్కన పెట్టేస్తుంది. ఈ పిల్లలకి అలా పక్కకి పోదు, పొద్దున గుచ్చుకున్నది సాయంత్రం దాకా గుచ్చుకుంటూనే ఉంటుంది. గట్టిగా హత్తుకుంటే మా పాప నెమ్మదిస్తుంది, అదే వేలికొనతో తేలిగ్గా తాకితే ఉలిక్కిపడుతుంది. ఇందులో గారాబం ఎక్కడుంది? రెండున్నరేళ్ల పిల్ల "అమ్మా, ఇక్కడ దారం గుచ్చుకుంటోంది" అని చెప్పలేక ఏడుస్తుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, కానీ ఇదొక్కటే ఉంటే ఆటిజం అని కాదు. మాటలు ఆలస్యం అవడం, పిలిస్తే పలకకపోవడం లాంటివి కూడా ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా పిల్లల డాక్టర్‌ని కలవండి. సికింద్రాబాద్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, చిన్నపిల్లలకి అక్కడ ప్రత్యేక విభాగం ఉంది.

ఇంక ఆ "నో రిటర్న్" సంగతి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల నియమాల ప్రకారం, వస్తువు ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మేవాళ్లు అనడానికి లేదు. బయోలో రాసుకున్నంత మాత్రాన అది చట్టం అయిపోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, తెలుగులోనే మాట్లాడారు. రీల్ స్క్రీన్ రికార్డింగ్, చాట్, డబ్బు కట్టిన రసీదు దగ్గర పెట్టుకోండి, ఆవిడ ఆ రీల్ ఇప్పటికే తీసేసింది.

పెళ్లిలో పాప పాత మల్ గౌనే వేసుకుంది, హాయిగా ఆడుకుంది. ఫోటోల్లో అందరూ పట్టులో, అది గౌనులో. నాకేం బాధ లేదు.

కొనే ముందు లోపలి వైపు వీడియో అడగండి, తిరగేసి చూపించనంటే వదిలెయ్యండి. జరీ బట్ట అయితే కింద పూర్తి చేతుల మెత్తటి కాటన్ బనియన్ వెయ్యండి. కొత్తది ఏదైనా ఒకటికి రెండుసార్లు ఉతికాకే తొడగండి, గంజి పెట్టకండి. పిల్లల వీడియోలు ఏ అమ్మకందారు అడిగినా ఇవ్వకండి, బట్ట ఫోటో చాలు.

నా డబ్బు ఇంకా రాలేదు. స్టేటస్ తీసేసింది గానీ, ఎంతమంది దాచుకున్నారో నాకు తెలియదు. ఆ వీడియో మీలో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే దయచేసి డిలీట్ చెయ్యండి, ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకీ చెప్పండి.