చాసిస్ మారిన పాత లారీ: వణుకు పోవడానికి ఏది మేలు?

లారీల తయారీకి టెల్కో (నేటి టాటా మోటార్స్), డైమ్లర్ బెంజ్ సంస్థల ఒప్పందం 1954 నుంచి 1969 వరకు నడిచింది. ఆ కాలపు ముక్కు లారీ ఒకటి మిర్యాలగూడలోని మా బంధువుల రైస్‌మిల్లు ఆవరణలో ఉంది. దాని చాసిస్ (బండిని మోసే ఉక్కు చట్రం) తుప్పుపట్టి చీలడంతో, తరువాతి కాలపు టాటా చాసిస్‌ను వెనుక హౌసింగ్ (వెనుక ఇరుసు ఉండే పెట్టె), కమాన్ కట్టలు (బరువు మోసే పట్టీల స్ప్రింగులు), బ్రేకులతో సహా తెచ్చి, దాని మీద పాత ఇంజిన్, గేర్‌బాక్స్, క్యాబిన్ కూర్చోబెట్టారు. బండి నడిచింది కానీ, నార్కట్‌పల్లి దారిలో యాభై దాటగానే క్యాబిన్ అంతా వణకసాగింది. వేగం మీద ఉండగా గేరును న్యూట్రల్ చేసి చూసినా వణుకు తగ్గలేదు కాబట్టి, తప్పు ఇంజిన్‌ది కాదని, ప్రొపెల్లర్ షాఫ్టునో (గేర్‌బాక్స్ నుంచి వెనుక హౌసింగ్‌కు తిప్పుడు అందించే పైపు) చక్రాలనో అనుమానించాలని తేలింది.

కొత్త చాసిస్ వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం) ఎక్కువ కనుక షాఫ్టు పొడవు పెంచక తప్పదు. పైపు అతికి ఒకే పొడవాటి షాఫ్టు చేయడం చవక. మధ్యలో సెంటర్ బేరింగు పెట్టి రెండు ముక్కలుగా చేస్తే దాన్ని మోయడానికి చాసిస్‌కు క్రాస్ మెంబరు (అడ్డ దూలం) బిగించాలి, అదనంగా మరో క్రాస్ (షాఫ్టు ఏ కోణంలోనైనా తిరగనిచ్చే కీలు) కావాలి, ఖర్చూ ఎక్కువే. అయినా నా ఓటు రెండో దానికే. పైపు లావు పెంచకుండా పొడవును రెండింతలు చేస్తే, షాఫ్టు విల్లులా వంగి కొట్టుకోవడం మొదలయ్యే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా లేత్ షాపులో అతికిన పైపు కంటికి నిటారుగా కనిపించినా, బ్యాలెన్సింగ్ యంత్రం మీద పెట్టకుండా దాన్ని నమ్మడానికి లేదు.

షాఫ్టు కుదిరినంత మాత్రాన పని పూర్తి కాలేదు. క్రాస్ ఏటవాలుగా తిరిగినప్పుడు షాఫ్టు ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది. కోణం 10 డిగ్రీలుంటే ఆ తేడా సగటుకు అటూ ఇటూ ఒకటిన్నర శాతం. చివరి షాఫ్టుకు రెండు కొనల వద్దా కోణాలు సమానంగా ఉండి, యోకులు (క్రాస్‌ను పట్టుకునే కవలు) ఒకే వరుసలో ఉన్నప్పుడే ఒక కొన తప్పును మరో కొన సరిదిద్దుతుంది. షాఫ్టు ముక్కలు ఒకదానిలో ఒకటి జారే పళ్ల జోడింపు, అంటే స్ప్లైన్, ఒక్క పన్ను జరిగినా ఆ వరుస చెడుతుంది కనుక, విప్పే ముందే గుర్తు పెట్టుకోవాలి (మా వాళ్లు పెట్టుకోలేదు).

ఆ కోణం సరిచేయడానికి రెండు దారులున్నాయి. గేర్‌బాక్స్ కింద ఫౌండేషన్ రబ్బర్లకు (దాన్ని మోసే రబ్బరు దిమ్మలకు) ప్యాకింగ్ వేయడం ఒక పూట పనే కానీ, దానితో ఫ్యాన్ రేడియేటర్ వైపు జరుగుతుంది, క్లచ్ లింకేజీ లెక్క తప్పుతుంది, గేరు రాడ్డు క్యాబిన్ రంధ్రానికి తగులుతుంది. కమాన్ కట్టకూ హౌసింగ్‌కూ మధ్య ఏటవాలు పలక వేయడానికి ఆ రెంటినీ కలిపి పట్టే యూ బోల్టులు విప్పి, కమాన్ పట్టీలను మధ్యలో కలిపే సెంటర్ బోల్టును పొడవైనది వేయాల్సి వచ్చినా, దాని ప్రభావం ఆ ఒక్క చోటికే పరిమితం. రెండు మూడు డిగ్రీల తేడాకు పలకే మేలని నా అభిప్రాయం. ధాన్యం మోసే బండికి అది ఉక్కుదే కావాలి, ఎందుకంటే అల్యూమినియం పలక బరువుకు పగులుతుంది. కొలత మాత్రం జాకీల మీద ఎత్తిన బండిలో కాకుండా, చదునైన నేల మీద, చక్రాల మీదే నిలిపి, మోసే బరువులో సగమైనా వేసి తీసుకోవాలి. లాగేటప్పుడు కమాన్లు మెలితిరిగి పినియన్ ముక్కు (హౌసింగ్‌లో షాఫ్టు తగిలే కొన) పైకి లేస్తుంది కనుక, దాన్ని ఒక డిగ్రీ మేర కిందికే ఉంచడం మంచిది.

బ్రేకుల విషయంలో ఎంపికకు తావే లేదు: చక్రాల వద్ద ఉన్న సిలిండర్లు కొత్త చాసిస్‌వి కాబట్టి, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ కూడా వాటికి సరిపోయేదే కావాలి. స్టీరింగ్ బాక్సు స్థానం కుదరకపోతే బ్రాకెట్‌ను మార్చాలే తప్ప, డ్రాగ్ లింకును (స్టీరింగ్ బాక్సును ముందు చక్రాలకు కలిపే కడ్డీని) కాల్చి వంచడం ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోదగింది కాదు. ఇక ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు పాతదే కనుక, 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కింద రవాణా శాఖ అధికారిని అడగకుండా ఈ లారీని రోడ్డెక్కించడం తప్పే. నిజానికి ఆ సంగతి విప్పకముందే తేల్చుకోవలసింది.

పలకలు వేసి, మొదటి లోడు తరువాత యూ బోల్టులు మళ్లీ బిగించాక పెద్ద వణుకు పోయింది. నలభై దగ్గర స్టీరింగులో మిగిలిన సన్నని అదురు ముందు ఎడమ టైరుది.