పాంపేయియా, హెర్క్యులేనియమా? ఒక్క పూటే ఉంటే ఏది?

ఇటలీ వెళ్లే ప్రతివాళ్లూ నన్ను అడిగే ప్రశ్న ఇదే. రెండూ నేపుల్స్ దగ్గరి పాత రోమన్ ఊళ్లు, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పూడిపోయాయి. నేపుల్స్ నుంచి సొరెంటో వెళ్లే లోకల్ రైలు రెండు చోట్లా ఆగుతుంది. మరి ఎక్కడ దిగాలి? జూన్‌లో మా అత్తగారితో రెండూ తిరిగాను కాబట్టి నాకు తోచింది చెబుతాను.

పాంపేయి చాలా పెద్దది. దాదాపు 66 హెక్టార్లు, అందులో మూడో వంతు ఇంకా తవ్వనేలేదు. ఫోరం (ఊరి పెద్ద కూడలి), ఆంఫిథియేటర్ (గుండ్రటి ఆటల మైదానం), రొట్టెల బట్టీలు, రాతి రోడ్ల మీద బండి చక్రాలు అరగదీసిన గాళ్లు... ఒక ఊరు ఎంత పెద్దదో నడిస్తేనే తెలుస్తుంది. కానీ నీడ దాదాపు లేదు. పదకొండు దాటాక గొడుగు, నీళ్ల బాటిల్ లేకపోతే కష్టం. హెర్క్యులేనియంలో తవ్వింది నాలుగైదు హెక్టార్లే, రెండు మూడు గంటల్లో అయిపోతుంది. స్టేషన్ నుంచి పది నిమిషాలు దిగుడు దారి, వచ్చేటప్పుడు ఎక్కుడు.

నా లెక్కలో తేల్చేది మాత్రం ఇంటి పైభాగం, చెక్క. పాంపేయి మీద మొదట రాళ్లు, బూడిద వానలా కురిశాయి. ఆ బరువుకి చాలా కప్పులు కూలిపోయాయి, అందుకే ఎక్కువగా మొండిగోడలే కనిపిస్తాయి. హెర్క్యులేనియాన్ని మరిగే వేడి బూడిద, వాయువులు ముంచెత్తి, దాదాపు 20 మీటర్ల మందాన కప్పేశాయి. గాలి తగలక చెక్క కాలి బూడిద కాలేదు, బొగ్గై నిలిచింది. దూలాలు, మంచం, దుకాణంలో అటకలు, మేడ గదులు కూడా ఉన్నాయి. ఒక ఇంట్లో హాలుకీ లోపలి గదికీ మధ్య మడత తలుపుల చెక్క అడ్డు ఇప్పటికీ నిలబడి ఉంది.

ఆ హాలు మధ్యలో పైన ఆకాశం, కింద వాననీళ్లు పట్టే తొట్టి. మా అత్తగారు ఆగిపోయి, "ఇది మా అమ్మమ్మగారి మండువా లోగిలే కదమ్మాయ్!" అన్నారు. పాంపేయిలోనూ అలాంటి ఇళ్లు బోలెడు చూశాం. అక్కడ ఆవిడకి అలా అనిపించలేదు.

హెర్క్యులేనియంలో పడవల కొట్టాల్లో దొరికిన దాదాపు 300 అస్థిపంజరాల దగ్గర మాత్రం ఆవిడ నిలబడలేదు. పాంపేయిలో, బూడిదలో శవాలు వదిలిన ఖాళీల్లో 1863 నుంచి పోస్తున్న ప్లాస్టర్ మనుషులూ అంతే, పిల్లలతో వెళ్తే ముందే చెప్పుకోండి.

ఒక పూటైతే హెర్క్యులేనియం. రోజంతా ఉండి, కాళ్లలో సత్తువ ఉంటే పాంపేయి. రోమ్‌లోనే ఉండేవాళ్లకి ఆ పక్కనే ఉన్న పాత రేవు ఊరు ఓస్టియా ఆంటికా చాలు. గ్రీకు గుళ్ల కోసమైతే నేపుల్స్‌కి దక్షిణాన ఉన్న పేస్టుమ్.

ఏది చూసినా నేపుల్స్ మ్యూజియం వదలొద్దు, మంచి బొమ్మలన్నీ అక్కడికే చేరాయి. పాంపేయిలో 1938లో దొరికిన మన దేశపు దంతపు బొమ్మ కూడా అక్కడిదే. దాన్ని పాంపేయి లక్ష్మి అంటారు, యక్షిణి అనేవాళ్లూ ఉన్నారు. అత్తగారు కళ్లజోడు సర్దుకుని చూసి, "నగలున్నాయి సరే, లక్ష్మీదేవికి చీరేదమ్మా?" అన్నారు.