లైటు ఆర్పే ఇల్లు కావాలి: విశాఖ నుంచి నిహారికల కోసం నాలుగు రాత్రులు

అరకులో రూమ్ కోసం ఫోన్ చేసేవాళ్లు ఎవరైనా వేడినీళ్లు వస్తాయా, కారు పెట్టుకోవడానికి చోటుందా అని అడుగుతారు. నేను మొదట అడిగేది "రాత్రి తొమ్మిది దాటాక బయట లైట్లన్నీ ఆర్పేస్తారా అండీ?" అని. అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత కొందరు "సెక్యూరిటీ ప్రాబ్లమ్ సార్" అంటారు, కొందరు బుకింగ్ పోతుందేమోనని "అలాగే సార్, ఆర్పిస్తాం" అనేస్తారు. ఈ రెండో రకం మాట నమ్మే ఈ ట్రిప్పులో ఒక రాత్రి మొత్తం పోగొట్టుకున్నాం.

మార్గశిర అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రాత్రులు తిరిగాం, నేనూ మా బావమరిదీ. గురువారం భీమిలి, శుక్రవారం లంబసింగి, శని ఆదివారాలు అరకు. నిహారికలు (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాలు), గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలు ఫొటో తియ్యాలి, అంతే పని. టెలిస్కోపు లేదు. పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్, 135 ఎంఎం లెన్సు, దాని కింద స్టార్ ట్రాకర్. భూమి తిరుగుతూ ఉంటుంది కదా, ఈ లెన్సుతో ట్రాకర్ లేకుండా రెండు సెకన్లు దాటితే చుక్క కాస్తా గీతలా సాగిపోతుంది. ట్రాకర్ కెమెరాని ఆకాశంతో పాటు మెల్లగా తిప్పుతుంది కాబట్టి నిమిషం, రెండు నిమిషాల ఎక్స్‌పోజర్లు పెట్టుకోవచ్చు. అలాంటివి వందదాకా తీసి ఇంటికొచ్చాక సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ఒక్క ఫొటోలో కనబడీ కనబడని మసక మెల్లగా బయటికొస్తుంది.

ఊళ్లో తియ్యకూడదా అంటే, తియ్యొచ్చు. మా ఎంవీపీ కాలనీ డాబా మీద నుంచి ఒరాయన్ అనే వేటగాడి చుక్కల గుంపులోని నిహారికని (ఎం42) ఎన్నోసార్లు తీశాను. అలాంటి నిహారికల ఎరుపు చాలావరకు హైడ్రోజన్‌ది, 656 నానోమీటర్ల దగ్గర ఒకే రంగు, కాబట్టి మంచి ఫిల్టరు పెడితే నగరం వెలుగులోనుంచి కూడా దాన్ని ఏరుకోవచ్చు. గెలాక్సీ అలా కాదు. అది కోట్లాది నక్షత్రాల వెలుగు, అన్ని రంగులూ కలిసే ఉంటాయి. కృత్తికల చుట్టూ ఉండే నీలి పొగ కూడా నక్షత్రాల వెలుగు ధూళి మీద పడి మెరవడమే. ఏ ఫిల్టరు పెట్టినా వీధి దీపంతో పాటు అదీ పోతుంది. పాత సోడియం దీపాల పసుపు కొన్ని రంగుల్లోనే ఉండేది కాబట్టి ఫిల్టరు కొంత ఆపేది, ఇప్పటి ఎల్‌ఈడీ తెలుపు మాత్రం అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది. అందుకే ఘాట్ ఎక్కడం.

ఈ ఊళ్లోనే, డాబాగార్డెన్స్‌లో, 1840లో గోడే వెంకట జగ్గారావు గారు సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని ఇక్కడి నుంచే గమనించారు. ఆ వీధిలో వెళ్లిన ప్రతిసారీ అప్పటి రాత్రులు ఎంత నల్లగా ఉండేవో అని మనసు అటే పోతుంది.

భీమిలి. ఊరి నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లే, ఆఫీసు అయ్యాక కూడా వెళ్లిపోవచ్చు. సముద్రం ఎదురుగా ఒక ఇల్లు, రెండు వేల రెండొందలు. ఓనరు గారు మేడ తాళం చేతికిచ్చి "ఎంతసేపైనా ఉండండి" అన్నారు. ఆ ఒక్క మాటకే మంచి మార్కులు వేస్తాను. నైరుతి దిక్కంతా విశాఖ వెలుగే, అటు కెమెరా తిప్పే పని లేదు. తూర్పు, దక్షిణం సముద్రం కాబట్టి నయం, అక్కడక్కడా ఓడల లైట్లు తప్ప. ఇబ్బంది గాలితోనూ ఉప్పుతోనూ వచ్చింది. గంట తిరిగేసరికి లెన్సు ముందు అద్దం మీద సన్నటి పొర పట్టింది, గుడ్డతో తుడిస్తే జిడ్డులా ఇంకా పరుచుకుంది. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత లెన్సు ద్రవంతో తుడిస్తేనే పోయింది. గాలికి ట్రైపాడ్ వణికి సగం ఫ్రేములు పారెయ్యాల్సి వచ్చింది. అయినా భీమిలిని వదలను, ఎందుకంటే ఏప్రిల్‌లో అర్ధరాత్రి వేళ దక్షిణాన సముద్రం మీద పాతిక డిగ్రీల ఎత్తుకి ఒమేగా సెంటారీ వస్తుంది. కోటి దాకా నక్షత్రాలున్న గుచ్ఛం, పదిహేడు వేల కాంతి సంవత్సరాల దూరం. లండన్‌లో ఉన్నవాడికి అది ఎప్పటికీ ఉదయించదు. మనకి బీచ్‌లో కూర్చుంటే కనిపిస్తుంది.

లంబసింగికి నర్సీపట్నం మీదుగా వెళ్లాం. టెంటు పదిహేను వందలు. నిర్వాహకులు మర్యాదస్తులు, భోజనం వేడిగా పెట్టారు, లైట్లు ఆర్పమంటే ఆర్పారు కూడా. వాళ్ల తప్పేమీ లేదు. ఇక్కడికి జనం వచ్చేదే పొగమంచు కోసం, మాకు అక్కర్లేనిదే అది. పన్నెండున్నర దాకా ఆకాశం అద్దంలా ఉంది, కృత్తికలు నడినెత్తి మీద, మా అమ్మమ్మ పిల్లలకోడి అనేది వాటిని. ఆ తర్వాత కిందనుంచి తెల్లగా పాకుతూ వచ్చి పది నిమిషాల్లో మనిషికి మనిషి కనబడలేదు. గాలి లేని నిర్మలమైన రాత్రే నేల బాగా చల్లబడి లోయలో మంచు కడుతుంది, అంటే మనకి బాగా కావాల్సిన రాత్రికే ఈ ప్రమాదం ఎక్కువ. కుటుంబంతో మంచు చూడటానికైతే తప్పక వెళ్లండి. ఈ పనికి మాత్రం డిసెంబరు, జనవరిలో నేను మళ్లీ వెళ్లను.

అక్కడి నుంచి చింతపల్లి, పాడేరు మీదుగా అరకు. దారి పొడుగునా కాఫీ తోటలు, అరకు దగ్గర పడ్డాక అక్కడక్కడా వలిసె పూల పసుపు. శనివారం రాత్రి దిగిన రిసార్టు పేరు రాయను. నాలుగున్నర వేలు తీసుకున్నారు. ఫోన్లో "లైట్లు ఆర్పిస్తాం" అన్నవాళ్లు వీళ్లే. లాన్ నాలుగు మూలలా ఫ్లడ్ లైట్లు, మధ్యలో క్యాంప్ ఫైర్, పెద్ద స్పీకర్లు. పదింటికి వెళ్లి అడిగితే "మిగతా గెస్టులు ఒప్పుకోరు సార్" అన్నారు. ఆ గెస్టుల మీద నాకు కోపం లేదు, వాళ్లు వారానికొక సెలవు దొరికి వచ్చినవాళ్లు. ఆర్పనివాళ్లు ఆర్పుతామని ఎందుకు చెప్పాలి? నేను చూసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది: ఉత్తరం వైపు గోడలా కొండ. మన దగ్గర ధ్రువ నక్షత్రం పద్దెనిమిది డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ట్రాకర్ ఇరుసుని దాని వైపు గురిపెట్టాలి. కొండ అడ్డొస్తే ట్రాకర్ సరిగ్గా కుదరదు. రూమ్ బుక్ చేసేముందు మ్యాపులో ఉత్తరాన కొండ ఎంత దగ్గరుందో చూడండి. వ్యూ బాగుందన్న రివ్యూలు ఈ సంగతి చెప్పవు.

ఆదివారం పొద్దున్న ఖాళీ చేసి చాపరాయి దారిలో ఒక చిన్న ఊళ్లో ఇల్లు పట్టుకున్నాం. డ్రైవరు కుర్రాడికి తెలిసిన ఇల్లు. పన్నెండొందలు, రాత్రి భోజనంతో కలిపి. సిమెంటు డాబా, ఉత్తరం ఖాళీగా పొలాలు. వీధిలో ఒకే ఒక్క ఎల్‌ఈడీ స్తంభం, అది సరిగ్గా డాబాకి ఎదురుగా. వరండా బల్బు ఆర్పమని అడిగితే ఇంటి పెద్దాయన "లైటు తీసేస్తే పాము కనబడదు బాబూ" అన్నాడు. నిజమే కదా, ఆ ఇల్లు ఆయనది, రాత్రి బయటికి వెళ్లేది ఆయన మనవలు. అప్పుడు మా బావమరిది ఎర్ర టార్చి తీసి చూపించి, దీని వెలుగులో నేల కనిపిస్తుంది, మా కళ్లకి అలవాటైన చీకటీ చెదరదు, కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది తాతా అని చెప్పాడు. పెద్దాయన ఆ టార్చి పట్టుకుని పెరడంతా ఒకసారి తిరిగొచ్చి బల్బు తనే తీసేశాడు. అంతటితో ఆగలేదు. ధాన్యం ఆరబోసే టార్పాలిన్ పైకి తెచ్చి, రెండు వెదురు గెడలకి కట్టి, స్తంభం వైపు నిలబెట్టాడు. నీడ ఎక్కడ పడుతుందో వంగి చూస్తూ గెడని జానెడు అటు, జానెడు ఇటు జరిపాడు. ట్రైపాడ్ మూడు కాళ్లూ నీడలోకి వచ్చేదాకా జరుపుతూనే ఉన్నాడు.

ఏడింటికి ఆండ్రోమెడా గెలాక్సీతో మొదలుపెట్టాం, అప్పుడది ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటుంది. పాతిక లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు. నలభై ఫ్రేములు. పక్కనున్న చిన్న గెలాక్సీలు ఎం32, ఎం110 ఒక్క ఫ్రేములోనే కనబడ్డాయి, విశాఖ డాబా మీద ఎన్ని గంటలు తీసినా ఇలా రాలేదు. తర్వాత కృత్తికలు. పదిన్నర నుంచి ఒరాయన్. దాని నడిమి భాగం చాలా వెలుగు కాబట్టి నిమిషం ఫ్రేముల్లో తెల్లగా మాడిపోతుంది, వాటితో పాటు ఐదు సెకన్లవి ఇరవై విడిగా తీసుకోవాలి.

పదకొండు నలభైకి స్క్రీన్ మీద చుక్కలు ఉబ్బినట్టు కనిపించాయి. లెన్సు మీద వేలి కొన పెడితే తడి. మంచు పట్టకుండా లెన్సుకి చుట్టిన హీటర్ పట్టీ ఆగిపోయింది, చలికి పవర్ బ్యాంకు పడిపోయింది. ఇరవై రెండు ఫ్రేములు పోయాయి. రెండో పవర్ బ్యాంకుని ఉన్ని టోపీలో చుట్టి పెడితే తెల్లారేదాకా వచ్చింది. అరకు డిసెంబరులో హీటర్ పట్టీ లేకుండా వెళ్లకండి, వెళ్తే రెండు పవర్ బ్యాంకులతో వెళ్లండి.

ఒంటిగంటకి పెద్దాయన దుప్పటి కప్పుకుని పైకొచ్చాడు. కెమెరా స్క్రీన్ చూపించాను. ఒరాయన్ నడుము పట్టీ మూడు చుక్కలు, వాటి కింద గులాబీ రంగు రెక్కలా ఎం42. చాలాసేపు చూసి, తల పైకెత్తి ఆకాశం చూసి, మళ్లీ స్క్రీన్ చూసి, "మూడు చుక్కల కింద ఇదుందేటి? ఇన్నేళ్లూ చూస్తన్నాను, ఇది కనబడలేదు" అన్నాడు. మనవడిని లేపుకొచ్చి వాడికీ చూపించాడు. చుక్కలు పుట్టే చోటు ఇది, ఈ వెలుగు మన దగ్గరికి రావడానికి పదమూడొందల ఏళ్లు పట్టింది అంటే ఆ పిల్లాడు స్క్రీన్ మీద వేలు పెట్టి "ఇప్పుడు కూడా పుడతన్నాయా?" అని అడిగాడు. పుడుతున్నాయి అన్నాను.

బండి సంగతి: నాలుగు రోజులకి కారు, డ్రైవరు. ఫొటోలు తీసేచోట హెడ్‌లైట్లు వెయ్యొద్దని ఒక్కసారి చెబితే నాలుగు రాత్రులూ గుర్తుపెట్టుకున్నాడు, అలాంటి మనిషి దొరకడం పెద్ద సాయం. లెన్సు, ట్రాకర్ మాత్రమే అయితే పొద్దున్న బయల్దేరే కిరండూల్ ప్యాసింజరు కూడా చాలు, బొర్రా సొరంగాలు చూసుకుంటూ వెళ్లొచ్చు. టెలిస్కోపు, బరువైన మౌంట్ ఉంటే కారే. బొంగులో చికెన్ రాత్రి తినాలనుకుంటే సాయంత్రమే చెప్పి ఉంచండి. శనివారం కాకుండా ఆదివారం, సోమవారం రాత్రులు పెట్టుకుంటే జనం దిగిపోయి లోయ సద్దుమణుగుతుంది, రూమ్ ధర కూడా తగ్గుతుంది.

పుష్య అమావాస్యకి అదే డాబా చెప్పి ఉంచాను. రోజెట్ నిహారిక ఆ రోజుల్లో పదకొండింటికల్లా బాగా ఎత్తుకొస్తుంది. పెద్దాయన ఫోన్లో అడిగింది ఒక్కటే, ఈసారి టార్పాలిన్ ఏ వైపు కట్టాలి అని.