జూన్ ఎండలో ఊలు మిట్టెన్లు: రీగాలో మా వారం రోజులు

మా చిన్నోడు లాట్వియా రాజధాని రీగాలో చదువుతున్నాడు కాబట్టి వెళ్ళాం గానీ లేకపోతే ఆ దేశం మ్యాప్‌లో ఎక్కడుందో కూడా నాకు తెలిసేది కాదు. వాడి పరీక్షలు అయ్యేసరికి జూన్ వచ్చేసింది, నేనేమో అక్కడి మిట్టెన్ అల్లిక నేర్చుకునే వస్తానని పట్టుబట్టా. "ఎండాకాలంలో ఊలేంటమ్మా" అని వాడు ఒకటే నవ్వు. మిట్టెన్ అంటే తెలుసుగా, నాలుగు వేళ్ళూ కలిపి ఒకే సంచిలో, బొటనవేలు మాత్రం విడిగా ఉండే తొడుగు.

ముందు బస సంగతి. ఓల్డ్ టౌన్‌లో అపార్ట్‌మెంట్ ఫొటోలు చూసి పడిపోయాం. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, కింద బార్, రాత్రి రెండింటిదాకా డబ్ డబ్ డబ్. పైగా జూన్‌లో అక్కడ రాత్రి పదింటికి కూడా వెలుతురే, కర్టెన్లు చూస్తే పల్చగా పంచెలాగా ఉన్నాయి. రెండు రాత్రులకే దణ్ణం పెట్టి అల్బెర్టా వీధి వైపు మారాం. ఇంచుమించు అదే రేటు, వంటిల్లు ఉంది, నిద్ర పట్టింది, బయట బిల్డింగుల మీద బొమ్మలు చూడ్డానికే ఒక సాయంత్రం పోయింది. ఎవరైనా వెళ్తే అటే దిగండి.

ఇంక క్లాసు. ఊళ్ళో మూడు గంటల వర్క్‌షాప్‌కి నలభై యూరోలు కట్టా. అసలు మిట్టెన్‌కి సైకిల్ స్పోక్ అంత సన్నటి సూదులు వాడతారు, వాళ్ళేమో లావు సూదులిచ్చి బొటనవేలంత ముక్క అల్లించి ఫొటో తీసి పంపేశారు. కొత్తవాళ్ళకి సరదాగా ఉంటుందేమో, ఎప్పుడో స్వెట్టర్లు అల్లిన చెయ్యి అయితే మాత్రం డబ్బు దండగ.

నేను నేర్చుకున్నది ఊరి చివర యుగ్లా చెరువు ఒడ్డున ఉన్న ఎత్నోగ్రాఫిక్ మ్యూజియంలో, అంటే పాత పల్లె జీవితం చూపించే చోట. వందకి పైగా పాత చెక్క ఇళ్ళు ఊడదీసి తెచ్చి అడవిలో మళ్ళీ నిలబెట్టారు. ఏటా జూన్ మొదటి శని ఆదివారాల్లో అక్కడ చేతిపనుల సంత జరుగుతుంది, 1971 నుంచీ ఉందట, మా అదృష్టం కొద్దీ సరిగ్గా అప్పుడే ఉన్నాం. ఒక స్టాల్లో పెద్దావిడ బేరం వచ్చేదాకా ఊరికే ఉండలేక అల్లుతూ కూర్చుంది. ఇంగ్లీష్ ముక్క రాదు, మావాడికి వచ్చిన అరకొర లాట్వియన్‌తో అడిగిస్తే పక్కన స్టూల్ వేసింది.

అయిదు సూదులు, నాలుగింటి మీద కుట్లు, అయిదోదాంతో గుండ్రంగా అల్లుకుంటూ పోవడమే. మణికట్టు దగ్గర జడలాంటి గీత ఒకటి వస్తుంది, దానికోసమే నేను వెళ్ళింది. రెండు రంగుల దారాలూ ముందువైపే ఉంచుకుని ఒక కుట్టు ఎరుపు, ఒక కుట్టు తెలుపు, అన్నీ పర్ల్ (ఉల్టా కుట్టు), ప్రతిసారీ కొత్త దారం పాతదాని మీదుగా తేవాలి. ఒక చుట్టు అయ్యేసరికి ఊలుండలు రెండూ మెలికపడి తాడైపోయాయి, నేను విడదీయబోతే ఆవిడ చేతి మీద చిన్నగా ఒక్కటేసింది. రెండో చుట్టులో దారం కింద నుంచి తేవాలి, అప్పుడు మెలిక దానంతటదే విడిపోతుంది, జడ పడుతుంది! బొటనవేలి చోట వేరే రంగు దారంతో కొన్ని కుట్లు వేసి వదిలేసి, చివర్లో ఆ దారం లాగేసి అక్కణ్ణుంచి వేలు అల్లుకుంటారు. వాడని రంగు లోపలివైపు సాగుతూ పోతుంది కదా, దాంతో రెండు పొరలైనట్టే, అందుకే అంత వెచ్చన.

డిజైన్లలో ఎనిమిది కోణాల చుక్క ఉంది, వేకువ చుక్క అట, దిష్టి తగలకుండా. ఇంకో జత తిప్పి చూస్తే మన గడప మీద వేసే స్వస్తిక్! వాళ్ళకి అది నిప్పు గుర్తు. అంచు చూసి గద్వాలా వెంకటగిరా అని మనం చెప్పినట్టే డిజైన్ చూసి ఏ ప్రాంతమో చెప్పేస్తారు. పాతకాలంలో పెళ్ళికూతురు పెట్టె నిండా ఇవే అల్లుకుని అత్తింటివాళ్ళకి పంచేదట, మనం బట్టలు పెట్టినట్టు. 2006లో రీగాలో నాటో సమావేశం జరిగితే వచ్చినవాళ్ళకి 4500 జతలు చేత్తో అల్లించి ఇచ్చారు.

కొనేవాళ్ళకి ఒక మాట, పక్కన నిలువు కుట్టు కనిపిస్తే దాదాపు మెషిన్‌దే, గుండ్రంగా అల్లినదానికి అతుకు ఉండదు. సంతలో జత నలభై యూరోలు చెప్పారు, నేను బేరం ఆడలేదు, ఆ పని చూశాక నోరు రాలేదు.

తిండికి సెంట్రల్ మార్కెట్ చాలు, పాత జెప్పెలిన్ (పెద్ద గాలి ఓడల) షెడ్లతో కట్టినది. బఠాణీలతో చేసే వంటకం ఉంటుంది గానీ పంది కొవ్వు వేస్తారు, అడిగి తినండి. నల్ల రై బ్రెడ్‌లోకి మన ఆవకాయ అదిరింది.

గుంటూరు వచ్చాక ఒక చెయ్యి పూర్తయింది. రెండోది జడ దాటలేదు, ఈ ఉక్కకి ఊలు వేళ్ళకి అంటుకుపోతోంది, ఏసీ వేసుకుంటే తప్ప సూది కదలదు. వాడేమో నవంబర్‌కల్లా పంపమంటున్నాడు.