అమెరికన్ పోస్ట్‌మోడర్న్ నవల: ముందు వానెగట్టా, పించనా?

పోస్ట్‌మోడర్న్ (అంటే కథని వరుసగా, సూటిగా చెప్పకుండా ముక్కలు చేసి ఆడుకునే తరహా) అమెరికన్ నవల ఒకటి చెప్పమని అడిగితే బాగా చదివినవాళ్ళు టక్కున థామస్ పించన్ పేరే చెప్తారు, పాపం అడిగినవాడు ఆయన గ్రావిటీస్ రెయిన్‌బో కొని నాలుగు రోజులు కుస్తీ పట్టి అమెరికన్ సాహిత్యానికే ఓ దండం పెట్టేస్తాడు. నా ఓటు ముందు కర్ట్ వానెగట్ రాసిన స్లాటర్‌హౌస్-ఫైవ్‌కి. చిన్న పుస్తకం, అదొక సుఖం, కానీ అసలు కారణం వేరే.

రెండూ రెండో ప్రపంచ యుద్ధం మీదవే, రెండూ వియత్నాం యుద్ధం రోజుల్లో వచ్చినవే, వానెగట్‌ది 1969, పించన్‌ది 1973. వానెగట్ జర్మన్లకి ఖైదీగా దొరికాడు, 1945 ఫిబ్రవరిలో బాంబులకి జర్మనీలోని డ్రెస్డెన్ నగరం తగలబడుతుంటే కబేళా కింద మాంసం దాచే గదిలో ఉండి బతికిపోయాడు. అది పుస్తకంగా రావడానికి ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. వరుసగా చెప్తే కుదిరే కథ కాదు కాబట్టి నవల్లో హీరో బిల్లీ పిల్‌గ్రిమ్ కాలంలో జారిపోతుంటాడు, ఇప్పుడు ఖైదీల రైల్లో, కాసేపటికి ఇంకో గ్రహం మీద జూలో. ఒకచోట టీవీలో యుద్ధం సినిమా అతనికి వెనక్కి నడుస్తున్నట్టు కనబడుతుంది, ఊళ్ళో మంటలు ముడుచుకుని బాంబుల్లోకి పోతాయి, బాంబులు విమానాల్లోకి, అక్కణ్ణుంచి ఫ్యాక్టరీకి, అక్కడ ఆడవాళ్ళు వాటిని విప్పదీస్తే ఆ ఖనిజాలన్నీ మళ్ళీ భూమిలో దాచేస్తారు, ఇంకెవరికీ దెబ్బ తగలకుండా. ఈ ఒక్క పేరా కోసం పుస్తకం కొన్నా డబ్బులు దండగ కాదు.

పించన్‌ది పూర్తిగా వేరే లెక్క. ఆయన బోయింగ్‌లో టెక్నికల్ రైటర్‌గా పనిచేసినవాడు, నవల మొత్తం జర్మన్ల వీ-2 రాకెట్ చుట్టూ తిరుగుతుంది, అది ధ్వని కంటే వేగంగా వస్తుంది కదా, ముందు పేలుడు, ఆ తర్వాతే అది వస్తున్న చప్పుడు. లండన్‌లో హీరో స్లోత్రాప్ అమ్మాయిలతో గడిపిన చోట్లు మ్యాప్‌లో పెడితే రాకెట్లు పడ్డ చోట్లతో సరిగ్గా కలుస్తాయి, ఐడియా అదిరింది, కాదనను. కానీ వందలకొద్దీ పాత్రలు, చివరికి హీరోనే చెల్లాచెదురై కథలోంచి మాయమైపోతాడు. 1974లో అమెరికాలో పెద్ద సాహిత్య బహుమతి పులిట్జర్‌కి జ్యూరీ ముగ్గురూ దీన్నే చెప్తే బోర్డు ఒప్పుకోలేదు, ఆ ఏడు నవలకి ప్రైజే ఇవ్వలేదు! పించన్ చదవాల్సిందే అనుకుంటే 1966 నాటి ద క్రయింగ్ ఆఫ్ లాట్ 49 పట్టుకోండి, అన్నిటి వెనకా ఏదో కుట్ర ఉందన్న అదే అనుమానం, ఒకట్రెండు రోజుల్లో అయిపోతుంది.

ఇదే కోవలో డాన్ డెలిల్లో రాసిన వైట్ నాయిస్ (1985) సరదాగా ఉంటుంది, హిట్లర్ మీద ప్రొఫెసర్‌గిరీ చేస్తూ జర్మన్ రాదని దాచుకు తిరిగే మనిషి కథ, కానీ రెండోసారి తియ్యాలనిపించలేదు.

వీటన్నిటికంటే ఏది మేలు అంటే మాత్రం టోనీ మారిసన్ బిలవెడ్ (1987). అది అసలు పోస్ట్‌మోడర్నేనా అని విమర్శకులు కొట్టుకోనీ, మనకెందుకు. అక్కడా కాలం ముక్కలు ముక్కలే, ఎందుకంటే పిల్లల్ని మళ్ళీ బానిసలు కానివ్వకూడదని సొంత కూతుర్నే చంపుకున్న సెథ ఆ రోజుని ఒక్క ఊపులో తలుచుకోలేదు, చుట్టూ తిరిగి తిరిగి అక్కడికొస్తుంది. 1856లో మార్గరెట్ గార్నర్ అనే ఆవిడకి నిజంగా జరిగిందే దీనికి మూలం. మొదటి వాక్యంలో 124 అని కనబడితే కంగారుపడకండి, అది ఇంటి నంబరు.